తాడు వద్దన్న లారీ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, కార్తీకంలో రెండో మంగళవారం, పగలు పదిగంటలు. నంద్యాల వైపు పోయే రైలు గిద్దలూరు స్టేషన్లో కూత వేసింది. గాలి ఇటు వీస్తే ఆ కూత మా వాగు దాకా వినబడుతుంది. సరిగ్గా అప్పుడే శెట్టిగారి లారీ వెదురు లోడుతో వచ్చి ముందుచక్రాలు నీళ్లలో పెట్టింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. నా కుడిచెయ్యి కొత్తగా బిగించిన ఇనుప లివరు మీద ఉంది. అవతలి గట్టున మా నాయన తాడు చుట్ట భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. లారీ దిగబడాలని ఆయన కోరిక. దిగబడకూడదని నా పంతం.

ఆ రోజు గురించి మా పాలెంలో ఇప్పటికీ రెండు మూడు రకాలుగా చెప్పుకుంటారు. ఏ రకంలో చెప్పినా నేనే దుర్మార్గుణ్ణి. చెప్పుకోనీ. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. బడికి పోయే నా కూతురు పక్కన కూర్చుని, దాని పలక మీదే దిద్దుకున్నాను. అంతవరకు నా మీద పడిన మాటలకు నోటితో జవాబు చెప్పేవాణ్ణి. నోటి జవాబును ఎదుటివాడు మధ్యలో తుంచేస్తాడు. రాసిన మాటను తుంచలేడు గదా, అందుకని ఇప్పుడు రాస్తున్నాను. మోటారు పని నేర్చుకునే పిల్లలు చదువుతామని అడిగి రాయించుకుంటున్నారు కాబట్టి, వాళ్లకు అర్థమయ్యేటట్టే చెబుతాను. క్షమించమని మాత్రం ఎవరినీ అడగబోవటం లేదు. అది ముందే చెప్పేస్తే పీడా పోతుంది.

మీరు ఇప్పుడు జీపులో బటను నొక్కితే వెనక ఇరుసు లాకు పడుతుంది. అప్పట్లో ఆ బటను కోసం ఒక మనిషి తన పాలెంతో తెగతెంపులు చేసుకోవలసి వచ్చింది.

లారీ వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనుప బుడ్డి ఒకటి కనబడుతుంది చూడండి. అందులో ఉండేది డిఫరెన్షియల్. మేము డిప్రెన్సు అనేవాళ్లం. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. ఆ తేడా సర్దటమే దాని పని. గట్టి రోడ్డు మీద అంత మంచిది ఇంకోటి లేదు. ఇసుకలో పడిందా, దాని బుద్ధి మారిపోతుంది. ఏ చక్రం పట్టు తప్పి ఊరికే తిరుగుతుందో, ఇంజను బలమంతా దానికే దోచిపెడుతుంది. పట్టున్న చక్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది. లాకు వేయటం అంటే ఆ తేడా సర్దే పనిని కాసేపు ఆపి, రెండు చక్రాలనూ ఒక్కటిగా తిప్పటం. అంతే విద్య.

మా వాగుకు ఈ విద్య బాగా కావాలి. అప్పుడు మనం మద్రాసు సర్కారు కింద, కర్నూలు జిల్లాలో ఉన్నాం. నల్లమల నుంచి వెదురు, కలప గిద్దలూరు గూడ్సు షెడ్డుకు రావాలంటే ఆ వాగు దాటాలి. వంతెన లేదు. వానకారు పోయాక కూడా మోకాలి లోతు నీళ్లు, వాటి కింద మెత్తటి ఇసుక. ఒడ్డునే మా పాలెం. మాది క్రైస్తవుల పాలెం, అందరివీ కూలి బతుకులు. కోతలు లేని రోజుల్లో, వాగులో దిగబడ్డ బండ్లను తాళ్లు కట్టి లాగటం మా పని. లారీలు వచ్చాక ఆ పని ఇంకా పెరిగింది. తాడుకు ముందు నిలబడేది మా నాయన. కేక వేసేది మా మేనత్త. ఆమె కేక పడితే అందరి భుజాలూ ఒక్కసారే వంగాలి. ఎవడి భుజమైనా వెనకబడితే వాడి వంశం మొత్తానికి తిట్లు పడేవి. మొగుడు చనిపోయాక ఆ తాడు మీదే నలుగురు పిల్లల్ని సాకింది.

నేనూ మీసాలు రాకముందు నుంచే ఆ తాడు పట్టాను. ఒక వానకారులో లారీ ఉన్నట్టుండి పక్కకు జారి, మా చిన్నాయన కాలు చక్రం కింద పడింది. పాదం నలిగి చేటలా అయింది. ఆ తరువాత ఏడే నేను యుద్ధంలో కూలీగా చేరి అస్సాం పోయాను. అక్కడ మిలిటరీ లారీల కింద పడుకుని పానా పట్టటం నేర్చుకున్నాను. తిరిగి వచ్చాక గిద్దలూరులో స్టేషను దగ్గర మోటారు షెడ్డు పెట్టుకున్న సాయిబు మేస్త్రి నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఏ పాలెం, ఏ గుడి అని అడగలేదు. ఒక నట్టు చేతికిచ్చి, "ఇది ఏ సైజు బేటా?" అన్నాడు. చెప్పాను. "రేపటి నుంచి రా" అన్నాడు.

లారీ సొంతదారు గిద్దలూరు బజారులో దుకాణం ఉన్న శెట్టిగారు. మిలిటరీ వాళ్లు వేలం వేసినప్పుడు కొన్నాడు. ఆ లారీకి నాలుగు చక్రాలూ లాగాలి, కానీ ముందు చక్రాలకు బలం పంచే పెట్టె కొన్ననాడే చెడిపోయి ఉంది, దాని సామాను ఎక్కడా దొరకలేదు. వెనక ఇరుసే దిక్కు. వచ్చిన ప్రతిసారీ వాగులో కూలబడేది.

ఒకరోజు శెట్టి షెడ్డుకు వచ్చి నన్ను చూపిస్తూ మేస్త్రితో అన్నాడు.

"సాయిబూ, నా బండి వాగులో నిలబడగూడదు. వీళ్ల నాయన మొహం నేను చూడగూడదు. పొద్దున లేస్తే ఆయనకే నా దణ్ణం అయిపోయింది."

"మా నాయనకు కూడా మీ మొహం అంటే అంత ఇదేం లేదులే శెట్టిగారూ" అన్నాను.

"వీడికి నోరెక్కువ."

"పని కూడా ఎక్కువే" అన్నాడు మేస్త్రి.

దారులు మూడు కనబడ్డాయి. మొదటిది, డిప్రెన్సు లోపలి పళ్లను గ్యాసు వెల్డింగుతో కలిపి అతికెయ్యటం. ఒక పూట పని. అక్కడితో రెండు చక్రాలూ ఎప్పటికీ ఒక్కటే. శెట్టికి అదే నచ్చింది. రెండోది, అస్సాంలో నేను చూసిన రకం, దానంతట అదే పట్టి దానంతట అదే వదిలేది. మేస్త్రి మద్రాసు పోయి మిలిటరీ తుక్కులో వెతికి ఒకటి తెచ్చాడు. మా లారీ షాఫ్టుకున్న గాడులు వేరు, దానికున్న గాడులు వేరు. ఎంత బతిమాలినా దూరలేదు. చివరికి దాన్ని షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం. చాలా ఏళ్లు ఆ తలుపుకు మంచి కాపలా కాసింది.

మూడోది, పళ్లున్న ఒక ఇనుప కడియం చేసి షాఫ్టు మీద తొడగటం. డ్రైవరు పక్కన లివరు. లివరు వేస్తే కడియం జరిగి పళ్లు పట్టుకుంటాయి, చక్రాలు ఒక్కటవుతాయి. తీస్తే విడిపోతాయి. శ్రమ, ఖర్చు, ఆలస్యం, మూడూ ఎక్కువ.

"అతికెయ్యమంటే అతికెయ్యకుండా ఈ కడియాలు, వడ్డాణాలు ఏంది రా?" అన్నాడు శెట్టి.

"అతికేస్తే నల్లమల ఘాటులో మలుపు తిరగదు. లోడుతో కిందికి దిగేటప్పుడు స్టీరింగు ఒక దిక్కు, బండి ఒక దిక్కు. లోయలోకి పోతుంది."

"పోయిందాక చూద్దాంలే."

అప్పటిదాకా మూలన బీడీ తాగుతున్న డ్రైవరన్న లేచాడు. అతను మోటారుకు రాకముందు ఎడ్లబండి తోలినవాడు, మాట తక్కువ మనిషి. "పొయ్యేది నేను గదా శెట్టిగారూ, చూసేది మీరు" అన్నాడు.

దాంతో మూడో దారి ఖాయమైంది. కడియాన్ని మార్కాపురంలో ఒక పలకల కార్ఖానా వాళ్ల లేత్ మిషను మీద తిప్పించాను. అక్కడి నుంచి పలకలు మోసుకొచ్చే బండిలో కూర్చుని దాన్ని ఒడిలో పెట్టుకుని వచ్చాను. పళ్లకు పదును పెట్టింది రాచర్ల కమ్మరాయన. ఎర్రగా కాల్చి ఆముదంలో ముంచాడు. షెడ్డు ముందర ఖాళీ జాగాలో డ్రైవరన్న ఎన్నోసార్లు ముందుకీ వెనక్కీ తోలి చూశాడు. ఒక సంగతి అక్కడే తెలిసింది. గట్టినేల మీద బండి ముందుకు లాగుతూ ఉంటే పళ్లు బిగుసుకుంటాయి, లివరు రాదు. ఒక జానెడు వెనక్కి తోలితే పట్టు సడలి లివరు వెన్నలా వస్తుంది. సరే, వాగు దాటగానే జానెడు వెనక్కి తోలి తీసేద్దాం అనుకున్నాం. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

ఈ సంగతి మా పాలెంలో తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆదివారం ప్రార్థన అయ్యాక నాయన నన్ను గుడి బయట నిలబెట్టాడు. చుట్టూ తాడు పట్టేవాళ్లందరూ ఉన్నారు.

"ఏంది రా, శెట్టి బండికి ఏందో పెడుతున్నావంట?"

"లాకు నాయనా."

"అది పెడితే దిగబడదా?"

"దిగబడదు."

"మరి మేమేం తినాల?"

"వేరే పని చూసుకోవాల. తాడు ఒక పనేనా? చిన్నాయన కాలు చూడు."

గుడి అరుగు మీద కూర్చున్న చిన్నాయనకు కోపం వచ్చింది. "నా కాలు ఊసెందుకు రా నీకు? అది నా కాలు. నీ బండికి సాక్ష్యం చెప్పను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాయనా నవ్వలేదు.

"ఒక మాట అనుకుందాం. ఆ బండి వాగు దగ్గర మా తాడు అడిగిందంటే, నువ్వు ఆ పానా పారేసి వచ్చి నా వెనకాల తాడు పట్టాల. మళ్లీ షెడ్డు మొహం చూడగూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. అడగకపోతే?"

"అడగకపోతే నీ దోవ నీది."

అదీ పందెం. ఇప్పుడు మంగళవారం దగ్గరికి వద్దాం.

నీళ్లలోకి దిగేముందు లివరు వేశాను. కింద కటుక్కున పట్టింది. లారీ ఇసుకలోకి వచ్చింది, ఎప్పుడూ కూలబడే చోటికి వచ్చింది, ఒక చక్రం జారింది. నా గుండె కూడా జారింది. కానీ రెండో చక్రం ఊరుకోలేదు. పట్టి లాగింది. లారీ ఎనుములా మూలుగుతూ, నీళ్లు రెండు పక్కలకూ చిమ్ముకుంటూ, ఆగకుండా ముందుకు నడిచింది. గట్టు మీద మేస్త్రి, కమ్మరాయనల పక్కన గొడుగేసుకున్న శెట్టి గొడుగు ఎగరేశాడు. మా వాళ్లలో నోరు విప్పింది అత్త ఒక్కతే.

"ఏం అల్లుడా! పెళ్లికొడుకు మాదిరి ఊరేగుతున్నావే! మాకు బువ్వ పెట్టవా?"

చక్రాలు ఒడ్డు రాళ్లెక్కాయి. అక్కడి నుంచి దారి నిటారుగా ఎక్కి, వెంటనే ఎడమకు మెలి తిరుగుతుంది. "ఆపన్నా, వెనక్కి ఒక జానెడు తోలు, లివరు తీస్తా" అన్నాను.

అతను ఆపలేదు.

"అన్నా, వెనక్కి!"

"తోలను."

నేను లివరు గుంజుతున్నాను. రాదు. అతను స్టీరింగు ఎడమకు తిప్పాడు. ముందుచక్రాలు ఎడమకు చూస్తున్నాయి, వెనక చక్రాలు రెండూ ఒక్కమాట మీద నిలబడి నేరుగా తోస్తున్నాయి. లారీ మలుపు తిరగకుండా ఎదురుగా పోయి, కుడి ముందుచక్రాన్ని దారి పక్క గుంటలో దించి, మట్టిగట్టుకు ముక్కు ఆనించి ఆగిపోయింది. ఇంజను కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో మా అత్త నవ్వు వినబడింది.

"ఇప్పుడైనా తోలన్నా! వెనక్కి రెండు అడుగులు తోలితే బండి బయటికొస్తుంది, లాకూ వదులుతుంది."

"వాగు దాటిన చక్రం వెనక్కి తిరగగూడదు. నేను తోలను. కావాలంటే దిగిపోతా."

"షెడ్డు కాడ అన్నిసార్లు తోలినావు గదా!"

"షెడ్డు కాడ వాగు యాడుంది?"

మా వైపు బండి తోలిన ప్రతి మనిషికీ తెలిసిన కట్టుబాటు అది. వాగు దాటి ఒడ్డెక్కిన చక్రం, గట్టుపైన గంగమ్మ రాయి దాటేదాకా వెనక్కి నడవకూడదు. బండి మొహం తిప్పుకుని మళ్లీ వాగులోకి దిగితే తప్పు లేదు. వెనక్కి నడిస్తేనే వాగు పిలిచినట్టు. నేను ఆ ఒడ్డునే పుట్టాను, ఎడ్లను వెనక్కి తోలినవాణ్ణి మా వాళ్లు ఎట్లా తిట్టేవాళ్లో విన్నాను. లివరు చేసేటప్పుడు అది నాకు గుర్తు రాలేదు. మేస్త్రికి రాలేదు. తోలే డ్రైవరుకే రాలేదు, వాగు దాటి రాళ్ల మీదికి వచ్చేదాకా. ఎవరి తప్పు అని ఇన్నేళ్లుగా అడుగుతున్నారు. నాది అని ఎవడన్నా అంటే నేను ఒప్పుకోను. మోటారు పని నేర్పినవాళ్లు గంగమ్మ రాయి గురించి చెప్పలేదు, గంగమ్మ రాయి గురించి చెప్పినవాళ్లు మోటారు చూడలేదు.

శెట్టి గొడుగు ముడిచి పరుగెత్తుకొచ్చాడు. "నేను మొదటే చెప్పలే? అతికెయ్యమని చెప్పలే?"

"అతికేస్తే ప్రతి మలుపులోనూ ఇదే జరుగుతుంది శెట్టిగారూ. ఇక్కడ మట్టిగట్టు ఉంది కాబట్టి ఆగింది. ఘాటులో ఏముంది ఆపటానికి?"

నాయన మెల్లగా నడిచి వచ్చాడు. తాడు చుట్ట దించి నా కాళ్ల ముందు పడేశాడు.

"బండి తాడు అడిగింది. రా."

అందరూ నన్నే చూస్తున్నారు. మేస్త్రి మాత్రం, పాపం, తల దించుకున్నాడు.

"రాను" అన్నాను.

"మాట ఇచ్చినావు."

"ఇచ్చినా. అయినా రాను."

"గుడి ముందర ఇచ్చినావు రా!"

"గుడి ముందర ఇచ్చినా, నేను తాడు పట్టను నాయనా. చంపితే చంపు."

మాట తప్పాను. నీతులు చెప్పే పుస్తకాల్లో ఇట్లాంటి చోట కొడుకు తల వంచి తాడు పడతాడు. నేను పట్టలేదు. మళ్లీ అక్కడ నిలబెట్టినా పట్టను. ఆ తాడు మా భుజాల మీద పెట్టిన కాయలు చూసి, చిన్నాయన కాలు చూసి, ఇంకా అదే మా పిల్లలకు కూడా ఇద్దామనుకునే మాట ఎవరిచ్చినా, నేనే ఇచ్చినా, తప్పవలసిందే.

నాయన వంగి తాడు తీసుకున్నాడు. అత్త, "థూ, మీ అమ్మ బతికుంటే సిగ్గుతో చచ్చేది" అని ఉమ్మేసి తాడు కొస పట్టుకుంది.

మా వాళ్ల పని చూడవలసిందే. బండిని వెనక్కి లాగేది లేదు గదా, వాళ్లకూ అదే కట్టుబాటు. అందుకని వెదురు సగం దించారు. చక్రాలు జారేటట్టు, వాటి పక్కన రాళ్ల మీద వాగు ఇసుక మందంగా పోశారు. లారీ ముక్కును పక్కకు జరుపుతూ ముందుకే లాగాలని వాళ్ల ఎత్తు. "స్టీరింగు పట్టుకోను మనిషి కావాల" అన్నారు. డ్రైవరన్న కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను, చెయ్యి మళ్లీ లివరు మీద, పంతం కొద్దీ. అత్త కేక పడింది. అందరి భుజాలూ వంగాయి. లారీ కదిలి, వెనక చక్రం ఆ ఇసుక మీద పక్కకు జర్రున జారింది. జారగానే నా చేతిలో లివరు కటుక్కున వదులై వచ్చింది.

వెనక్కి పోకుండానే వచ్చింది.

లారీ మలుపు తిరిగి గంగమ్మ రాయి దాటి ఆగేదాకా నేను ఆ లివరునే చూస్తూ కూర్చున్నాను. చక్రం గట్టినేల మీద బిగుసుకుంటుంది, ఇసుక మీద జారి బిగువు వదులుకుంటుంది. అయితే లివరు తీయవలసింది ఒడ్డెక్కాక కాదు. వాగులోనే, ఇసుక అయిపోయి రాళ్లు మొదలయ్యే చోట. రెండడుగులు ముందు తీస్తే ఇసుకలో కూలబడుతుంది. రెండడుగులు దాటాక తీస్తే రానే రాదు. ఆ చోటు బురదనీళ్ల కింద ఎవరికి కనబడుతుంది? పైగా ప్రతి వానకూ మారుతుంది. మోటారులో కూర్చున్నవాడికి తెలియదు. కాళ్లతో ఆ వాగులో నడిచేవాళ్లకు తెలుసు.

దిగి శెట్టి దగ్గరికి పోయాను. "మళ్లీ అవతలికి పోయి, మళ్లీ దాటుదాం. ఈసారి మా పాలెం మనిషి ఒకరు బండి ముందర నీళ్లలో నడుస్తారు. చెప్పినచోట లివరు తీస్తా."

"ఇంకొకసారా? సాయిబూ, గ్యాసు సామాను తెప్పించు, అతికించేద్దాం."

"గ్యాసు సామాను నాది" అన్నాడు మేస్త్రి. "నీ బండికి ఇయ్యను."

"నంద్యాలలో ఇస్తారు."

"ఇస్తారు. అతికిన బండిని తోలేవాణ్ణి కూడా నంద్యాల నుంచే తెచ్చుకోండి" అన్నాడు డ్రైవరన్న.

శెట్టి మా ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిని చూశాడు. అప్పుడు నేను రెండో మాట కూడా చెప్పేశాను. "ముందర నడిచే మనిషికి, బండి వచ్చినప్పుడల్లా కూలి ఇయ్యాల. దిగబడినా దిగబడకపోయినా ఇయ్యాల. లేదంటే ఈ లివరు ఇప్పుడే పీకి వాగులో పారేస్తా."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

ఆయన కాసేపు గొడుగు కొనతో నేల గీకాడు. "కానియ్. చూద్దాం. ఇదొక్కసారే" అన్నాడు.

నాయన దగ్గరికి పోయాను. "నాయనా, నీకంటే ఆ వాగు ఎవరికీ తెలీదు. బండి ముందర నడువు."

"నా కడుపు కొట్టే బండికి నేనే తోవ చూపాలనా?"

"అవును."

"మాట తప్పినోడితో నాకు మాటల్లేవు." మొహం తిప్పేసుకున్నాడు. మిగతావాళ్లు ఆయన మొహం చూసి తలలు తిప్పేసుకున్నారు. చిన్నాయన ఒక్కడు, "నా కాలు సరిగ్గా ఉంటే నడుద్దునురా" అన్నాడు మెల్లగా, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా.

అప్పుడు అత్త కొంగు నడుముకు చుట్టింది. ఎవరి చేతిలోదో కర్ర లాక్కుంది.

"మీ మగోళ్లు తాడు పట్టుకొని అట్లనే కూర్చోండి. నేను పోతా. నా పిల్లలకు నీ పంతం తినిపిస్తావా అన్నా, నా అల్లుడి పంతం తినిపిస్తావా? ఏదో ఒకటి నేనే వండుకోవాల గదా."

"వద్దే" అన్నాడు నాయన.

"పో అన్నా." నీళ్లలోకి దిగింది.

లారీ మొహం తిప్పుకుని, సగం లోడే కాబట్టి తేలిగ్గా అవతలి గట్టుకు పోయింది. దించిన వెదురు మళ్లీ ఎక్కించటానికి మనుషులు కావాలి. మా వాళ్లలో ఎవరూ రాలేదు. మేస్త్రి, కమ్మరాయన, నేను, డ్రైవరన్న కలిసి, తలల మీద మోసుకుని వాగు దాటించి లోడు పూర్తి చేశాం. సగం లోడుతో దాటిస్తే అది దాటటం కాదని రేపు వీళ్లే అంటారు. ఆ మాటకు అవకాశం ఇవ్వదలచుకోలేదు.

మళ్లీ దిగాం. లివరు వేశాను. ముందర అత్త నడుస్తోంది, నీళ్లు మోకాళ్ల పైకి, కర్ర పొడుస్తూ, పాదాలతో తడుముతూ. లారీ ఆమె వెనక మూలుగుతూ వస్తోంది. అంత పెద్ద బండి వీపు వెనక ఉంటే ఎవరైనా ఒకసారి తిరిగి చూస్తారు. ఆమె చూడలేదు. ఎప్పుడూ కూలబడే చోటు దాటాం. ఒడ్డు దగ్గరపడింది. నాకు భయం మొదలైంది. రాళ్లు వచ్చేశాయేమో, ఆమె మరిచిపోయిందేమో, కావాలనే ఊరుకుందేమో. లివరు మీద చెయ్యి బిగించాను. డ్రైవరన్న, "చెప్పనీ, చెప్పనీ" అంటున్నాడు, నాకో తనకో.

ఆమె ఒక అడుగు వేసి ఆగింది. ఎడమపాదం కొంచెం ముందుకు జరిపింది. ఇంకొంచెం. బండిని లాగించేటప్పుడు వేసే కేక అదే గొంతుతో వేసింది.

"తియ్!"

గుంజాను. వచ్చింది. చక్రాలు విడిపోయాయి, అదే ఊపులో లారీ రాళ్లెక్కింది, నిటారు గట్టు ఎక్కింది, ఎడమకు తిరగమంటే ఎడమకు తిరిగింది. గంగమ్మ రాయి దాటి నిలబడింది. డ్రైవరన్న స్టీరింగు మీద తల ఆనించి, "బీడీ ఉందా?" అన్నాడు.

ఆ తరువాత సంగతి తొందరగా చెప్పేస్తాను. శెట్టి ఒక్కసారే అన్నాడు గానీ, వాగు మీద వంతెన వచ్చేదాకా అత్త కూలి తీసుకుంది. ఇంకో ఇద్దరు లారీ సొంతదారులు కూడా మా దగ్గర లాకు వేయించుకున్నారు, వాళ్లకూ ముందర అత్తే నడిచింది. డ్రైవర్లు ఆమెను "తియ్యమ్మ" అని పిలిచేవాళ్లు. తాడు పని మాత్రం పోయింది. నలుగురు ఐదుగురు పలకరాయి గనులకు పోయారు, మిగిలినవాళ్లు పొలం కూలికే మిగిలారు. ఆ తరువాత రెండేళ్లు మా పాలెంలో నాకు ఎవరూ నీళ్లు ఇవ్వలేదు. నా వల్ల కొంపలు కూలాయన్నారు. కొన్ని ఇళ్లల్లో పొయ్యి వెలగని రోజులున్నాయి, అది నాకు తెలుసు, దాచను. కానీ ఆ వాగులో ఆ తరువాత ఇంకో కాలు నలగలేదు. అది కూడా లెక్కలోకి రావాలి. ఎవరూ వెయ్యరు కాబట్టి నేనే వేస్తున్నాను.

మోటారు పిల్లలూ, మీకు చెప్పేది ఒకటే. లాకు ఏ రకం మంచిదని మీరు నన్ను అడుగుతుంటారు. బండి నడిచే నేల ఏది, తోలే మనిషి ఏ పని చేయడు, ఆ రెండూ తెలుసుకుని అడగండి, చెబుతాను.

ఇక ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు. వాళ్ల పేర్లు రాయను, వాళ్ల పిల్లలు ఇంకా అదే దారిలో తిరుగుతున్నారు. పనితో చెబితే చాలు. గ్యాసు సామాను ఇవ్వనన్న సాయిబు మేస్త్రి. రాచర్ల నుంచి తన పదును నిలుస్తుందో లేదో చూసుకోవటానికి నడిచి వచ్చిన కమ్మరాయన. గొడుగు శెట్టి. వెనక్కి తోలని డ్రైవరన్న. తాడు పట్టిన మా పాలెం వాళ్లు. సాక్ష్యం చెప్పనన్నా, చూడటానికి మాత్రం కుంటుకుంటూ వచ్చిన మా చిన్నాయన. నీళ్లలో నడిచిన మా మేనత్త. నేను.

ఇంకా మా నాయన. రెండోసారి లారీ దాటేటప్పుడు తాను అక్కడ లేనని, ఇంటికి వెళ్లిపోయానని ఆయన చనిపోయేదాకా అందరికీ చెప్పాడు. ఉన్నాడు. తాడు భుజాన వేసుకుని, గంగమ్మ రాయి పక్కన, వాగులోకి చూస్తూ నిలబడి ఉన్నాడు. అత్త "తియ్" అని కేక వేయటానికి ఒక్క క్షణం ముందు ఆయన పెదవులు కదిలాయి. నేను ముందు అద్దంలోంచి చూశాను.